పలక వెనక కథ

పాత కార్లను బాగుచేయడంలో చెయ్యి తిరిగినవాడు లోపలి ఫైబర్ పలకను విప్పగానే ముందు వైపు చూడడు. తిప్పి వెనక వైపు చూస్తాడు. ముందు వైపు రంగు ఉంటుంది, రెగ్జిన్ ఉంటుంది, ఏళ్ల తరబడి కాసిన ఎండ ఉంటుంది. వాటిని ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మార్చేసి ఉంటారు. వెనక వైపును ఎవరూ ముస్తాబు చేయరు కాబట్టి అది ఉన్నదున్నట్టు చెబుతుంది. గాజు పోగులు అడ్డదిడ్డంగా తేలి గరుకుగా కనిపిస్తే అది అచ్చులో చేత్తో పరిచిన పలక. రెండు వైపులా నున్నగా ఉంటే రెండు అచ్చుల మధ్య నొక్కి తీసింది. ఒకచోట మందంగా, ఇంకోచోట పలచగా ఉంటే గన్నుతో చల్లింది. ఓ మూల అట్టముక్క ఆనవాలూ, ఎండిన పుట్టీ ముద్దా కనిపించాయా, అది ఎవరో చేసిన పాత మరమ్మతు. చాలాసార్లు అసలు జబ్బు కూడా అదే.

మనం వాడుకలో ఫైబర్ అనేసే ఈ సరుకు నిజానికి రెండు వస్తువుల జోడు. ఒకటి, గాజును వెంట్రుక కన్నా సన్నగా లాగి చేసిన నార. రెండు, ఆ నారను తడిపి తనతో పాటు గట్టిపడే రెజిన్. నార బలాన్నిస్తుంది, రెజిన్ ఆకారాన్ని పట్టి ఉంచుతుంది. ఉక్కు కారు తలుపు వందల టన్నుల బరువుతో నొక్కే ప్రెస్సులో పుడుతుంది. ఆ ప్రెస్సు ఏ మెకానిక్ దగ్గరా ఉండదు. సొట్ట పడితే మన ఊళ్లలో టింకరింగ్ బోర్డు ఉన్న షెడ్డుకు తీసుకెళ్లి సుత్తితో సర్దించుకుంటాం. తయారీ ఒక విద్య, మరమ్మతు వేరే విద్య. చేత్తో చేసిన గాజునార పలకకు ఆ తేడా లేదు. దాన్ని పుట్టించినవాడి చేతిలో ఉన్నదీ, బాగుచేసేవాడి చేతిలో ఉండేదీ ఒకటే సరంజామా: రెజిన్ డబ్బా, బ్రష్షు, చిన్న రోలరు, మ్యాటు అనే నార పరుపు ముక్కలు. గాజునార ఒళ్లున్న కార్లు డెబ్బై ఏళ్ల తరవాత కూడా రోడ్డు మీద తిరుగుతున్నాయంటే పెద్ద కారణం ఇదే. వాటిని పాడుచేసిన చేతులు కూడా ఈ సరంజామా పట్టినవేనన్నది వేరే సంగతి.

నార పుట్టింది అనుకోకుండా. 1932లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఓవెన్స్-ఇల్లినాయ్ గాజు కంపెనీలో డేల్ క్లీస్ట్ అనే యువకుడు గాజు దిమ్మెలను ఒకదానితో ఒకటి అతికే ప్రయత్నంలో ఉన్నాడు. జోరుగా వీచే గాలి ధార తగిలి కరిగిన గాజు పీచుమిఠాయిలా పోగులు పోగులుగా ఎగిరింది. కంపెనీలో పరిశోధన నడిపిస్తున్న గేమ్స్ స్లేటర్ చాలాకాలంగా వెతుకుతున్నది సరిగ్గా అలాంటి పోగునే. 1938లో ఓవెన్స్-ఇల్లినాయ్, కార్నింగ్ కంపెనీలు కలిసి ఓవెన్స్-కార్నింగ్ ఫైబర్‌గ్లాస్ అనే సంస్థను పెట్టాయి. అప్పటికి ఈ నార పని ముఖ్యంగా వేడిని ఆపడం, గాలిని వడకట్టడం. దానితో కారు చేయవచ్చని ఎవరూ అనుకోలేదు.

కారుకు పనికొచ్చేలా చేసింది రెజిన్. అంతకు ముందున్న ప్లాస్టిక్‌లు చాలావరకు గట్టి ఒత్తిడీ, వేడీ ఉంటేగాని కుదురుకునేవి కావు. రెండో ప్రపంచయుద్ధం నాటికి పాలియెస్టర్ రెజిన్ చేతికొచ్చింది. అది మామూలు గదిలో, ఏ ప్రెస్సూ లేకుండా, కొద్దిపాటి రసాయనం కలిపితే చాలు గట్టిపడుతుంది. విమానాల ముక్కు దగ్గర రాడార్‌ను కప్పే గుల్లలకు ఈ జోడు బాగా కుదిరింది, ఎందుకంటే రేడియో తరంగాలు గాజునార గుండా సాఫీగా పోతాయి. యుద్ధం ముగిసేసరికి సరుకు ఉంది, పని తెలిసినవాళ్లున్నారు, కొనే సైన్యం తగ్గిపోయింది. మొదట అందుకున్నది పడవలు కట్టేవాళ్లు. 1946లో విలియం స్టౌట్ అనే డిజైనర్ గాజునార బాడీతో ఒక కారు చేసి చూపించాడు గాని అది ఒక్క నమూనాతోనే ఆగిపోయింది.

అసలు కదలిక కాలిఫోర్నియా పడవల షెడ్లలో వచ్చింది. గ్లాస్‌పార్ పేరుతో చిన్న పడవలు చేసే బిల్ ట్రిట్ దగ్గరికి సైన్యంలో మేజరుగా పనిచేసిన కెన్ బ్రూక్స్ ఒక జీపు ఛాసీతో వచ్చి, దాని మీద అందమైన బాడీ కావాలన్నాడు. 1951లో ఆ కారు తయారైంది. దాని అచ్చు నుంచే తరవాత గ్లాస్‌పార్ జి2 బాడీలు వచ్చాయి. రెజిన్ తయారుచేసే నాగటక్ కెమికల్ కంపెనీ ఈ పనిని చూసి, తన సరుకుకు ఇంతకన్నా మంచి ప్రకటన ఉండదని గ్రహించింది. అలాంటి కారునొకదాన్ని డెట్రాయిట్ కార్ల కంపెనీల పెద్దలకు చూపించింది. చూసినవాళ్లలో జనరల్ మోటార్స్ వాళ్లూ ఉన్నారు.

ఇక్కడ లెక్క తెలిస్తే తరవాత జరిగిందంతా అర్థమవుతుంది. ఉక్కు బాడీకి ఒక్కో పలకకూ భారీ లోహపు అచ్చులు (డైలు) చెక్కాలి. అందుకు నెలలు పడుతుంది, లక్షల డాలర్లవుతుంది. లక్ష కార్లు అమ్మితే ఆ ఖర్చు కనిపించదు. వెయ్యి కార్లే అమ్మితే కంపెనీ మునుగుతుంది. గాజునారకు ఒక్క అచ్చు చాలు, ఆ అచ్చును కూడా గాజునారతోనే చేసుకోవచ్చు. అయితే ఒక్కో పలకకూ చేతిపని ఎక్కువ. అందుకే ఇది కొద్దిపాటి సంఖ్యలో చేసే కార్ల పదార్థమైంది. అంటే నేడు జనం దాచుకుని, బాగుచేయించుకుని, ప్రదర్శనలకు తీసుకెళ్లే కార్లలో చాలావాటి పదార్థం.

1953 జనవరిలో న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో జనరల్ మోటార్స్ కొర్వెట్‌ను చూపించింది. హార్లీ ఎర్ల్ నాయకత్వంలో గీసిన కారు అది. ఆ ఏడాది జూన్ 30న మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో తయారీ మొదలైంది. ఏడాది చివరికి 300 కార్లు, అన్నీ తెలుపే, లోపలంతా ఎరుపే. పలకలు చేసే పని ఒహాయోలోని ఆష్టబ్యూలాలో రాబర్ట్ మారిసన్ నడిపే మోల్డెడ్ ఫైబర్ గ్లాస్ కంపెనీకి దక్కింది. అంత పెద్ద ఎత్తున ఎవరూ ఈ పని చేసి ఉండలేదు. చేత్తో పరచడం మీదే ఆధారపడితే జనరల్ మోటార్స్ అడిగిన వేగం అందదు గనక మారిసన్ బృందం వేడిచేసిన లోహపు అచ్చుల జత మధ్య నారనూ రెజిన్‌నూ నొక్కి తీసే పద్ధతిని పెంచుకుంటూ పోయింది. అందుకే నేటికీ కొర్వెట్ కొనేవాడు బోనెట్ కింద చెయ్యి పెట్టి తడుముతాడు. రెండు వైపులా నున్నగా ఉంటే ఫ్యాక్టరీ పలక, వెనక గరుకుగా ఉంటే తరవాత ఎవరో చేత్తో చేసి అమ్మిన పలక అని అతని మొదటి అంచనా.

కొత్త పదార్థం కొత్త తలనొప్పులు తెచ్చింది. ఉక్కు బాడీ కారులో కరెంటు తిరుగుదారి బాడీయే. కొర్వెట్‌లో ప్రతి దీపానికీ విడిగా ఎర్త్ తీగ లాగాల్సి వచ్చింది. ఇంజన్ నిప్పురవ్వల గోలను ఉక్కు బోనెట్ ఆపుతుంది, ఫైబర్ బోనెట్ ఆపదు. రేడియో ఉన్న కార్లలో డిస్ట్రిబ్యూటర్‌కు లోహపు కవచం తొడిగారు. మరోపక్క ఆ లోపాన్నే సొమ్ము చేసుకున్నారు కూడా: మొదటి కొర్వెట్‌లలో ఏరియల్ బయటికి కనిపించదు, డిక్కీ మూత లోపల నారతో పాటు తీగవలగా పరిచేశారు. ఇప్పుడు ఆ మూతను బాగుచేసేవాడు పగులు చూసి గ్రైండర్ పెడితే రేడియో మూగబోతుంది.

బ్రిటన్‌లో ఈ పని ఇంకా ధైర్యంగా, కొంచెం మొండిగా సాగింది. 1957లో లండన్ కార్ల ప్రదర్శనలో లోటస్ కంపెనీ స్థాపకుడు కోలిన్ చాప్‌మన్ లోటస్ ఎలీట్‌ను పెట్టాడు. కొర్వెట్‌కు కింద ఉక్కు ఛాసీ ఉంది, గాజునార దాని మీద తొడిగిన చొక్కా మాత్రమే. ఎలీట్‌కు ఛాసీయే లేదు. నేల, గోడలు, పైకప్పు అన్నీ కలిసిన గాజునార గుల్లే కారు. ముందు వైపు అతికించిన కొద్దిపాటి ఉక్కు చట్రం, అద్దం చుట్టూ తలుపుల బరువు మోయడానికి ఒక ఉక్కు కమ్మీ, అంతే. తేలిక కారు, పందేల్లో దూసుకుపోయింది. వెయ్యికి కొంచెం పైగా తయారయ్యాయి, లోటస్‌కు మాత్రం నష్టమే మిగిలింది. ఈ కారులో లోపలి పలక అన్నమాటకు అర్థమే మారిపోతుంది. సీటు పక్కన కనిపించే గోడ అలంకారం కాదు, కారు ఎముక. తివాచీ ఎత్తి చూస్తే కనిపించే పగులు వెనక చక్రాల నుంచి వచ్చే లాగుడు వల్ల కావచ్చు. వెనక డిఫరెన్షియల్ బిగించిన చోట గాజునార చిరిగిపోవడం ఎలీట్‌కు పేరుమోసిన జబ్బు. అలాంటి పగులు మీద పుట్టీ రాసి రంగు వేసినవాడు కారును బాగుచేసినట్టు కాదు, రోగాన్ని దాచినట్టు.

1959లో వచ్చిన డైమ్లర్ ఎస్‌పి250 సంగతి ఇంకా తమాషా. మొదటి కార్ల బాడీ ఎంత ఊగేదంటే గట్టి మలుపుల్లో తలుపులు వాటంతటవే తెరుచుకునేవి. తరవాత చట్రానికీ బాడీకీ బలం జోడించారు. 1963-64 ప్రాంతంలో పోర్షే తన 904 రేసు కారు బాడీని అచ్చులోకి నార తునకలు చల్లి చేయించింది. చల్లే చెయ్యి ఆగినచోట మందం, తొందరపడినచోట పలచన. కారుకూ కారుకూ బరువు తేడా వచ్చేది.

మరి వీటిని బాగుచేసే విద్య ఎవరిది? మొదటి రోజుల్లో కార్ల బాడీషాపుల వాళ్లకు ఇది అంతుపట్టలేదు. వెల్డింగు పనికిరాదు, సుత్తి పనికిరాదు. కొర్వెట్‌ను అమ్మే జనరల్ మోటార్స్ విభాగం షెవ్రొలే తన సర్వీసు పుస్తకాల్లో ఈ బాడీ మరమ్మతు గురించి విడిగా రాయాల్సి వచ్చింది. పని తెలిసినవాళ్లు పడవల రేవుల్లో ఉన్నారు. అక్కడి మ్యాటు, అక్కడి రెజిన్, అక్కడి అలవాట్లే కార్ల షెడ్లలోకి నడిచొచ్చాయి. అదే కాలంలో, 1950ల మధ్యలో, టాల్కు పొడి కలిపిన పాలియెస్టర్ పుట్టీ వచ్చింది. కరిగించిన సీసంతో సొట్టలు పూడ్చే పాత కష్టం తప్పింది. ఆ పుట్టీకి ఆకారం నింపే గుణం ఉంది గాని బలం లేదు, ఎందుకంటే అందులో పొడవాటి నార లేదు. ఆ తేడా పట్టించుకోని మరమ్మతుల బాకీని నేటి యజమానులు ఇంకా తీరుస్తున్నారు.

సరైన పద్ధతి మొదటి నుంచీ ఒకటే, ఓపికే కావాలి. ముందు కడగాలి, తరవాతే గీకాలి. వరస తప్పితే ఏళ్లనాటి మైనం, పాలిషు, పాత జిగురు ఉప్పుకాగితంతో పాటు నారలోకి దిగిపోతాయి, ఆపై ఏ రెజిన్ పట్టదు. పగులు చివర్లలో సన్నటి రంధ్రం వేస్తే అది ముందుకు పాకడం ఆగుతుంది. తరవాత వెనక వైపు నుంచి పగులు చుట్టూ ఏటవాలుగా అరగదీయాలి. వాలు ఎంత పొడవుంటే అతుకు అంత గట్టిది. మందానికి పన్నెండు రెట్ల వెడల్పు అన్నది ఈ పనిలో పాతుకుపోయిన లెక్క. అంటే 3 మిల్లీమీటర్ల పలకకు పగులు అంచు నుంచి దాదాపు 36 మిల్లీమీటర్లు. చూసేవాడికి చిన్న చీలిక కోసం అంత పలకను పాడుచేస్తున్నట్టు అనిపిస్తుంది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. ముందు వైపున నున్నటి రేకో, ప్లాస్టిక్ టేపు అంటించిన అట్టో ఆసరాగా బిగించి, వెనక నుంచి మ్యాటు ముక్కలను రెజిన్‌లో తడిపి పొర మీద పొర పరుస్తారు. రోలరుతో గాలి బుడగలు తరుముతారు. బుడగ మిగిలిన చోటే రేపు మళ్లీ పగులుతుంది.

రెజిన్ కుండలో జరిగేది వంట కాదు, వంతుల లెక్క. గట్టిపరిచే పెరాక్సైడును వాడుకలో హార్డ్‌నర్ అంటారు. అది సాధారణంగా 1 నుంచి 2 శాతం చాలు. మన దేశంలో చాలా షెడ్లలో కోబాల్టు యాక్సిలరేటర్‌ను వేరే సీసాలో అమ్ముతారు. దాన్ని ముందు రెజిన్‌లో బాగా కలిపి, ఆ తరవాతే హార్డ్‌నర్ పోయాలి. ఆ రెండు సీసాలూ నేరుగా కలిస్తే పేలుడే. హార్డ్‌నర్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. 1950ల ఫోటోల్లో ముఖానికి గుడ్డ కూడా లేకుండా పనిచేసే మనుషులు కనిపిస్తారు. రెజిన్ ఘాటు వాసన అందులోని స్టైరీన్‌ది. క్యాన్సర్ కారకం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం 2018లో దాన్ని అనుమానాల పైవరసలోకి చేర్చింది. వేడి పెరిగితే గట్టిపడే సమయం తగ్గిపోతుంది, పది డిగ్రీలకు సుమారు సగం. విజయవాడ మే నెలలో, చల్లటి దేశాల కోసం రాసిన కొలతలు పాటిస్తే మ్యాటు పరిచేలోపే కుండలో రెజిన్ రాయైపోతుంది.

లోపలి పలకలకు బయటి పలకలకు లేని బాధలు కొన్ని ఉన్నాయి. అవి పలచన, రెండు మూడు మిల్లీమీటర్లే. వాటిని స్క్రూలతో బిగిస్తారు. రేడియో మార్చడానికో, తలుపు అద్దం సరిచేయడానికో ఎవరో విప్పుతారు, మళ్లీ బిగించేటప్పుడు బలం చూపిస్తారు. రంధ్రం అంచు నెర్రెలు బాస్తుంది, స్క్రూ తల పలకలోంచి బయటపడుతుంది. పాత మెకానిక్ చేసే పని పెద్ద వాషరు వేయడం. సరైన పని ఆ చోట వెనక రెండు పొరల మ్యాటు పరిచి, రంధ్రం పూర్తిగా పూడ్చి, కొత్తగా తొలవడం. ఎండలో ఏళ్ల తరబడి వంగిపోయిన పలకను మెల్లగా వేడిచేసి, అసలు వంపుకు బిగించి, అలా ఉండగానే వెనక పొర వేయాలి. లేకపోతే చల్లారాక మళ్లీ మొదటికొస్తుంది. పాలియెస్టర్ గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో 5 నుంచి 8 శాతం దాకా కుంచించుకుపోతుంది. ఇవాళ అద్దంలా ఉన్న అతుకు కొన్ని నెలలకు రంగు కింద నుంచి తన హద్దు చూపించడానికి కారణం అదే. అందుకే జాగ్రత్తపరులు రంగుకు తొందరపడరు. మిగిలేది గరుకుదనం. తోలు నమూనాతో ఉన్న పలక మీద నున్నటి మచ్చ దూరానికే తెలుస్తుంది. దాన్ని కలపడానికి బుడిపెలు వచ్చే రంగును పలచపలచగా చల్లుతూ చుట్టుపక్కల దాకా కలిపేయాలి. ఈ ఒక్క పనికి మ్యాటు పరిచినదానికన్నా ఎక్కువ సమయం పోతుంది.

1970లలో పలకల వెనక వైపు మారింది. లోటస్ రెండు అచ్చుల మధ్య గాలి లాగేసి రెజిన్‌ను లోపలికి పంపే పద్ధతికి మళ్లింది. 1981లో ఉత్తర ఐర్లండులో తయారీ మొదలైన డెలోరియన్ కారుకు పైన కనిపించేది స్టెయిన్‌లెస్ స్టీలే గాని కింద ఉన్న గుల్ల ఈ పద్ధతిలో చేసిన గాజునారే. అమెరికాలో కొర్వెట్ ఎస్‌ఎంసి అనే సరుకుకు మారింది. నార, రెజిన్, పొడి అన్నీ ముందే కలిపి మెత్తటి పరుపులా వచ్చే ఆ సరుకును వేడి అచ్చులో నొక్కుతారు. అచ్చుకు అంటుకోకుండా చేసే పదార్థం అందులోనే కలిసి ఉంటుంది, ఆ కారణంగానే మామూలు పాలియెస్టర్ దాన్ని సరిగ్గా పట్టుకోదు. ఎపాక్సీయో, ఆ పనికోసమే చేసిన జిగురో కావాలి. ఎపాక్సీకి మళ్లీ మామూలు మ్యాటు కుదరదు. మ్యాటు పోగులను కలిపి ఉంచే బంధకం స్టైరీన్‌లో కరుగుతుంది, ఎపాక్సీలో కరగదు. నేసిన గుడ్డే వాడాలి. 1965 కారుకు నేర్చిన చెయ్యి 1975 కారు దగ్గర బోల్తా పడేది ఈ చిక్కుముడిలోనే.

మరమ్మతు ఎంత బాగుండాలి? ఈ ప్రశ్నకు జవాబు కాలంతో పాటు మారింది. 1974లో ఏర్పడ్డ అమెరికా జాతీయ కొర్వెట్ పునరుద్ధరణ సంఘం కార్లకు మార్కులు వేసేటప్పుడు మెరుపును కాదు, ఫ్యాక్టరీ గుమ్మం దాటిన రోజున ఎలా ఉందో అలా ఉందా లేదా అని చూస్తుంది. ఫ్యాక్టరీలో పలకలను వెనక పట్టీలతో అతికేవారు. ఆ అతుకు గీతలు కొన్ని రంగు కింద లీలగా కనిపించేవి. వాటిని పూర్తిగా చెరిపేసి అద్దంలా చేసిన కారు ఆ సంఘం దృష్టిలో అబద్ధం చెబుతోంది. ఎలీట్ లాంటి కారుకు ఈ నియమాన్నే అంటిపెట్టుకుని, చిరిగిపోయిందని తెలిసిన చోటును మళ్లీ అదే పలచదనంతో కట్టడం మాత్రం తెలివైన పని కాదు. కనిపించని వైపున రెండు పొరలు ఎక్కువ వేసినందుకు ఏ కారూ చిన్నబోదు.

మన దేశంలోనూ ఈ కథకు ఒక అధ్యాయం ఉంది. బెంగళూరులో సన్‌రైజ్ పేరుతో మొదలై సిపానీగా మారిన కంపెనీ 1970లలో బాదల్ అనే మూడు చక్రాల ఫైబర్ కారును చేసింది. తరవాత బ్రిటన్‌లోని రిలయంట్ కంపెనీ కిట్టెన్ కారును తెచ్చుకుని డాల్ఫిన్ పేరుతో అమ్మింది. 848 సీసీ ఇంజను, రెండు తలుపులు, గాజునార ఒళ్లు. తేలిక కాబట్టి ర్యాలీల్లో మంచి పేరే తెచ్చుకుంది. 1983 డిసెంబరులో మారుతి 800 రావడంతో మామూలు కొనుగోలుదారు లెక్క మారిపోయింది. పెద్ద సంఖ్యలో అమ్ముడుపోయే ఉక్కు కారు ముందు కొద్ది సంఖ్యలో అమ్ముడుపోయే ఫైబర్ కారు ధరలోనూ, అమరికలోనూ నిలబడలేదు. నాలుగు తలుపుల మోంటానాతో సిపానీ మరికొన్నేళ్లు లాగింది.

ఆ కార్లు రోడ్ల మీద అరుదయ్యాయి గాని వాటిని బాగుచేయగల పనితనం మన దగ్గర తక్కువ లేదు. అది కార్ల షెడ్లలో కాకుండా సముద్రం ఒడ్డున పెరిగింది. విశాఖ, కాకినాడ తీరాల్లో కొయ్య తెప్పల స్థానంలోకి ఫైబర్ బోట్లు వచ్చాయి, 2004 సునామీ తరవాత మరీ ఎక్కువయ్యాయి. ఇసుకకు అడుగు అరిగిన బోటుకు మ్యాటు పరిచే మనిషి, డాల్ఫిన్ లోపలి గోడకు అతుకు వేసే మనిషి చేసేది ఒకే పని. తేడా వచ్చేది పలక పూర్తిగా పోయినప్పుడు. కొత్తది కొట్లో దొరకదు. బాగున్న పలకకు మైనం పట్టించి, దాని మీద అచ్చు తీసి, ఆ అచ్చులో కొత్త పలక పరచాలి. కుడి తలుపు పలక పోయినవాడికి తన కారు ఎడమ తలుపు పనికిరాదు, వంపులన్నీ తిరగబడతాయి. అందుకని డాల్ఫిన్ ఉన్నవాడు రెజిన్ డబ్బా కొనడానికి ముందు, ఇంకో డాల్ఫిన్ ఎవరి దగ్గర ఉందో కనుక్కుంటాడు.